బోర్డు మీది పేరు, రికార్డులోని పేరు: స్టూవర్టుపురం నేర్పే పాఠం

ఆగస్టు నెలలో మనకు రెండు రోజులు ముఖ్యమైనవి. 9వ తేదీ ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. 1994లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన ఈ రోజున ఊరూరా సభలు, ర్యాలీలు, నృత్యాలు జరుగుతాయి. 31వ తేదీ సంగతి మాత్రం మనలోనే చాలామందికి తెలియదు. నేర జాతుల చట్టం దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. సంచార, విముక్త జాతుల వారు ఆ రోజును విముక్త దినంగా జరుపుకుంటారు. మొదటి రోజు మన సంస్కృతిని గుర్తు చేస్తే, రెండో రోజు మనకు ఇతరులు పెట్టిన ఒక పేరును గుర్తు చేస్తుంది. ఈ వ్యాసం ఆ రెండో రోజు గురించి.

బడులకు, హాస్టళ్లకు, కాలనీలకు, విశ్వవిద్యాలయాలకు ఉన్న పాత పేర్లలో అవమానం దాగి ఉంటే వాటిని మార్చాలా వద్దా అనే చర్చ ఇప్పుడు దేశదేశాల్లో నడుస్తోంది. మన ప్రాంతంలో పేర్ల మార్పు కొత్త కాదు. 2022 ఏప్రిల్ 4న మైలవరం కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. ఆఫీసు బోర్డులు, రబ్బరు స్టాంపులు, లెటర్‌హెడ్లు అన్నీ మార్చుకున్నాం. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు 2022లో ఎన్టీఆర్ నుంచి వైఎస్సార్‌కు మారింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్‌కు వచ్చింది. అంటే పేరు మార్చడం ప్రభుత్వానికి అసాధ్యమైన పని కాదు. మరి మన జాతుల నెత్తిన పడిన పేర్ల సంగతేమిటి? వాటిలో ఏవి మార్చాలి, ఏవి ఉంచాలి? దీనికి జవాబు వెతకాలంటే ముందు చరిత్రలోకి వెళ్లాలి.

ఉప్పు మోసినవారు నేరస్తులు ఎలా అయ్యారు?

ఎరుకల వారి శాఖల పేర్లు చూడండి. వెదురు దబ్బలతో బుట్టలు, చేటలు అల్లేవారు దబ్బ ఎరుకల. నేతగాళ్లు పడుగుకు గంజి పట్టించే కుంచెలు కట్టేవారు కుంచపురి ఎరుకల. కోస్తా నుంచి ఉప్పు తీసుకెళ్లి మెట్ట ప్రాంతాల్లో ధాన్యానికి మార్చుకునేవారు ఉప్పు ఎరుకల. ఇవన్నీ పనుల పేర్లు. ఎద్దుల మందల మీద సరుకు రవాణా చేసిన సుగాలీలదీ ఇలాంటి చరిత్రే.

19వ శతాబ్దంలో ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం బిగిసింది. రైలు మార్గాలు వచ్చాయి. గాడిదల మీద, ఎద్దుల మీద సరుకు మోసేవారి బతుకుతెరువు పోయింది. అడవి చట్టాలు వెదురునూ, మేతనూ దూరం చేశాయి. 1876-78 కరువు మద్రాసు రాజధానిని కుదిపేసింది. ఇంత జరిగాక కూడా ఊరి నుంచి ఊరికి తిరిగే మనుషులను చూసి ఆనాటి పాలకులు వేసుకున్న ప్రశ్న "వీరి బతుకు ఎలా పోయింది" అని కాదు, "వీరు ఎందుకు తిరుగుతున్నారు" అని.

1871లో నేర జాతుల చట్టం చేశారు. మొదట ఉత్తరాదికే పరిమితమైన ఈ చట్టం 1911లో కొత్త రూపంలో మద్రాసు రాజధానికీ వచ్చింది. 1924లో దాన్ని మరోసారి క్రోడీకరించారు. ఒక జాతినో, ముఠానో, తరగతినో ప్రభుత్వం "నేర జాతి"గా ప్రకటించవచ్చు. ప్రకటించాక అందులోని మనుషుల పేర్లు రిజిస్టరులో ఎక్కుతాయి. వేలిముద్రలు తీసుకుంటారు. చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే చీటీ కావాలి. ఇందులో ఎవరు ఏ తప్పు చేశారన్న విచారణ లేదు. ఆ ఇంట్లో పుట్టడమే రుజువు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. "నేర జాతి" అనేది ఎవరో కోపంలో అన్న తిట్టు కాదు. అది గెజిట్‌లో అచ్చయిన అధికారిక నామం. మామూలుగా పేరు మనిషిని పిలవడానికి. ఈ పేరు మాత్రం విచారణ లేని తీర్పు.

సీతానగరం, స్టూవర్టుపురం, కావలి

మైలవరం నుంచి విజయవాడ వెళ్లి ప్రకాశం బ్యారేజీ దాటగానే సీతానగరం వస్తుంది. కొండ, ఆలయం, నది అందరికీ తెలుసు. రాతి క్వారీ పనుల చుట్టూ అక్కడ ఒక సెటిల్‌మెంటు ఉండేదని మాత్రం చాలా తక్కువమందికి తెలుసు. దాన్ని నడిపింది సాల్వేషన్ ఆర్మీ. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ మరొకటి నడిపింది. వీటన్నిటిలో ఎక్కువ పేరు పడింది ఇప్పటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపురం.

స్టూవర్టుపురం 1913 ప్రాంతంలో ఏర్పడింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు సర్ హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. భారతదేశంలో సాల్వేషన్ ఆర్మీకి నాయకత్వం వహించిన బూత్ టక్కర్ ఈ పనిని సమర్థిస్తూ "క్రిమినోక్యూరాలజీ" అనే కొత్త మాటనే సృష్టించి దాని మీద పుస్తకం రాశారు. నేరం ఒక జబ్బు, సెటిల్‌మెంటు దానికి వైద్యం అన్నది అందులోని భావన. మన తాతలు, ముత్తాతలు ఆ లెక్కలో రోగులు. అక్కడి స్త్రీ పురుషులు చీరాలలోని ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీలో పనిచేశారు. ఊరు వదిలి వెళ్లడానికి వీల్లేని కూలీలు దొరకడం కంపెనీకి ఎంత లాభమో చెప్పనక్కర్లేదు. సెటిల్‌మెంటు చరిత్రలో సంస్కరణ ఎంత ఉందో, చవక కూలీ కూడా అంత ఉందని మీనా రాధాకృష్ణ వంటి చరిత్రకారులు వివరంగా చూపించారు.

ఇంకొక విషయం హాస్టళ్లలో పనిచేసే మాలాంటివాళ్లం తప్పక తెలుసుకోవలసినది. 1911 చట్టం ప్రకారం ఆరేళ్లు దాటి 18 ఏళ్ల లోపున్న పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలల్లో ఉంచే అధికారం ప్రభుత్వానికి ఉంది. తల్లిదండ్రుల ప్రభావం పిల్లల మీద పడకూడదన్నది దాని ఉద్దేశం. నేటి గిరిజన సంక్షేమ హాస్టల్ దానికి పూర్తిగా భిన్నమైనది. ఇక్కడికి తల్లిదండ్రులే పిల్లల్ని తెచ్చి దింపుతారు, పండక్కి తీసుకెళ్తారు. అయినా ఇంటిభాష మాట్లాడితే నవ్వడం, ఇంటి తిండి గురించి హేళన చేయడం ఎక్కడ జరిగినా, అది ఆ పాత పాఠశాలల ఛాయే. ఆ ఛాయ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తేనే దాన్ని తుడిచేయగలం.

పేరు మారింది, నీడ మారలేదు

స్వాతంత్ర్యం వస్తున్న వేళ, 1947లోనే మద్రాసు రాష్ట్రం నేర జాతుల చట్టాన్ని రద్దు చేసింది. కేంద్రం 1949లో ఒక విచారణ సంఘం వేసింది. దాని అధ్యక్షులు తిరుచానూరులో పుట్టిన మన తెలుగు ప్రాంతపు నాయకులు మాడభూషి అనంతశయనం అయ్యంగార్. ఆ సంఘం చట్టాన్ని పూర్తిగా రద్దు చేయాలనీ, ఈ జాతుల పునరావాసానికి డబ్బు కేటాయించాలనీ సిఫార్సు చేసింది. 1952లో రద్దు జరిగింది.

అయితే మద్రాసు రాష్ట్రం మరుసటి ఏడాదే, 1948లో, అలవాటుపడిన నేరస్తుల నియంత్రణ చట్టం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1962లో తన సొంత చట్టం చేసుకుంది. కాగితం మీద జాతి పేరు పోయి వ్యక్తి పేరు వచ్చింది. పోలీసు చూపు మాత్రం పాత ఇళ్ల మీదే నిలిచింది. కాగితాల్లో "నేర జాతులు" కాస్తా "మాజీ నేర జాతులు" అయ్యాయి. మాజీ ఎమ్మెల్యే అంటే ఒకప్పుడు ఎమ్మెల్యేగా ఉన్నట్టు అర్థం. మాజీ నేర జాతి అంటే? ఒకప్పుడు నిజంగానే నేర జాతి అని ఒప్పుకున్నట్టే కదా! "విముక్త జాతులు" అన్న మాట నిలబడడానికి చాలా కాలం పట్టింది.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు సుకన్య శాంత కేసులో ఇచ్చిన తీర్పు చదివితే ఈ నీడ ఎంత పొడవో తెలుస్తుంది. రద్దయిన 72 ఏళ్ల తర్వాత కూడా కొన్ని రాష్ట్రాల జైలు నియమావళుల్లో సంచార జాతుల మీద, "నేర జాతుల" మీద పుట్టుకను బట్టి అనుమానం నిలిపే నిబంధనలు ఉన్నాయి. వాటిని రాజ్యాంగ విరుద్ధమని కోర్టు కొట్టివేసింది. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది.

ఇక స్టూవర్టుపురం. 1970ల్లో విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి లవణం గారు, మహాకవి జాషువా కుమార్తె హేమలతా లవణం గారు అక్కడికి వెళ్లి ఏళ్ల తరబడి పనిచేశారు. నేరాన్ని వదిలిన మనిషికి బతికే దారి చూపడం వారు ఎంచుకున్న పని. అయినా బయటి లోకం ఆ ఊరిని దొంగల ఊరుగానే చూసింది. 1991 ఒక్క ఏడాదిలోనే ఆ ఊరి పేరుతో రెండు సినిమాలు వచ్చాయి: "స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్", "స్టూవర్టుపురం దొంగలు". 2023లో "టైగర్ నాగేశ్వరరావు" టీజరు ఆ ఊరినీ, ఒక జాతినీ కించపరిచేలా ఉందంటూ ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైతే రాష్ట్ర హైకోర్టు నిర్మాతకు నోటీసులిచ్చింది. ఆ ఊళ్లో టీచర్లున్నారు, ఉద్యోగులున్నారు, డిగ్రీలు చదివే పిల్లలున్నారు. సొంతూరు ఏదని అడిగితే "చీరాల పక్కన" అనో "బాపట్ల దగ్గర" అనో చెప్పి మాట మార్చే అవసరం ఆ పిల్లలకు ఎందుకు రావాలి?

మార్చినవారు ఏం చేశారు?

కెనడాలో లక్షన్నరకు పైగా ఆదివాసీ పిల్లలను ఇళ్ల నుంచి తీసుకెళ్లి రెసిడెన్షియల్ స్కూళ్లలో పెట్టారు. ఆ విధానానికి పునాది వేసినవాటిలో 1847లో ఎగర్టన్ రైయర్సన్ రాసిన నివేదిక ఒకటి. టొరంటోలో ఆయన పేరుతో విశ్వవిద్యాలయం ఉండేది. 2021లో ఆ పాత బడుల దగ్గర గుర్తు తెలియని సమాధుల వార్తలు వచ్చాక విద్యార్థులు, ఆదివాసీలు ఆందోళన చేశారు. విశ్వవిద్యాలయం అంతకుముందే ఒక కమిటీ వేసింది. 2022 ఏప్రిల్‌లో దాని పేరు టొరంటో మెట్రోపాలిటన్ విశ్వవిద్యాలయంగా మారింది. కమిటీ పేరు మార్చి ఊరుకోమనలేదు. ఆ చరిత్రను విద్యార్థులకు తెలియజేసే ఏర్పాట్లు కూడా సిఫార్సు చేసింది. అదే 2022లో అమెరికా ప్రభుత్వం ఆదివాసీ స్త్రీలను కించపరిచే ఒక మాటను దాదాపు 650 కొండలు, వాగులు, లోయల పేర్ల నుంచి తీసేసింది. అప్పటి ఆ శాఖ మంత్రి డెబ్ హాలాండ్ స్వయంగా ఆదివాసీ మహిళ.

మన పక్కనే కేరళ. 2024 జూన్‌లో మంత్రి కె. రాధాకృష్ణన్ పదవి వదిలే ముందు ఇచ్చిన ఉత్తర్వుతో దళిత, ఆదివాసీ నివాసాలకు "కాలనీ" వంటి మాటలు వాడకూడదని నిర్ణయించారు. కొత్త పేర్ల విషయంలో అక్కడివారి అభిప్రాయం తీసుకోవాలన్నారు. వ్యక్తుల పేర్లు పెడితే తగాదాలు వస్తాయి కాబట్టి వీలైనంత వరకు వద్దన్నారు. 2025 జూలైలో తమిళనాడు ప్రభుత్వం అన్ని వర్గాల సంక్షేమ హాస్టళ్లనూ "సామాజిక న్యాయ హాస్టళ్లు" అని పిలుస్తామని ప్రకటించింది. మన రాష్ట్రంలోనూ 1990ల్లో వెనుకబడిన తరగతుల జాబితాలో "పిచ్చిగుంట్ల" అన్న పేరు తీసేసి "వంశరాజ్" అని చేర్చారు. కాబట్టి ఇది మన దగ్గర జరగని పని కాదు.

వద్దనేవారి మాటల్లోనూ నిజం ఉంది

పేరు మారిస్తే ఉద్యోగం వస్తుందా, ఇల్లు వస్తుందా అని అడిగేవారున్నారు. రాదు. చరిత్రను చెరిపేస్తారా అని అడిగేవారున్నారు. ఆ భయం మాకూ ఉంది. స్టూవర్టుపురం అన్న పేరు పోతే, ఎరుకల కుటుంబాలను ఒక చట్టం కింద బంధించిన సంగతికి మిగిలిన అతి పెద్ద సాక్ష్యం పోతుంది. రేపటి పిల్లవాడు ఆ ఊరి మీదుగా రైల్లో వెళ్తూ "ఈ ఇంగ్లీషు పేరేమిటి?" అని అడిగే అవకాశమే ఉండదు. పట్టాలు, ఆధార్, సర్టిఫికెట్లు అన్నీ మార్చుకోవడం పేదవాడికి మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరుగుడే.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం మన చరిత్రే చెబుతోంది. 1948లో పేరు మారింది, పోలీసుల తీరు మారలేదు. కొత్త పేరు పెట్టిన ఊరిని కూడా లోకం పాత చూపుతోనే చూస్తే, ఆ కొత్త పేరే రేపటికి కొత్త తిట్టు అవుతుంది.

ఏది తీయాలి, ఏది ఉంచాలి?

వీటన్నిటినీ తూచి చూశాక మాకు తోచింది ఇది. పేర్లన్నీ ఒక్క రకం కావు. నేరం మోపే పేరు ఒకటి, చరిత్రకు సాక్షిగా నిలిచే పేరు ఇంకొకటి, హక్కును చూపే పేరు మరొకటి. మూడింటికీ ఒకటే మందు పనికిరాదు.

నేరం మోపే పేర్లు తీసేయాల్సిందే. "దొంగ" అన్న మాట ముందు తగిలించిన జాతి పేర్లు, "మాజీ నేర జాతి" అన్న మాట ఇంకా ఏ ఫైల్లో, ఏ నియమావళిలో, ఏ పాఠంలో ఉన్నా పోవాలి. వీటిలో కాపాడుకోవలసిన చరిత్ర ఏమీ లేదు. ఆ చరిత్ర పుస్తకాల్లో ఉంటే చాలు, మనిషి పేరు పక్కన ఉండనక్కర్లేదు.

ఇందులోనే కొంచెం చిక్కైన విషయం ఒకటుంది. 2003లో అమల్లోకి వచ్చిన సవరణతో షెడ్యూల్డ్ తెగల జాబితాలో యానాదుల శాఖల పేర్లు చేరాయి: చెల్లా యానాది, కప్పల యానాది, మంచి యానాది, రెడ్డి యానాది. ఒక శాఖను "మంచి" అంటే మిగిలినవారు ఏమిటి? కప్పలు తినేవారని వెక్కిరించడానికి పుట్టిన మాట రాజ్యాంగపు జాబితాలోకి ఎక్కింది. ఎక్కించినవారి ఉద్దేశం మంచిదే, ఆ పేరుతో పిలవబడేవారికి రిజర్వేషన్ తప్పిపోకూడదని. తొందరపడి తీసేస్తే ఆ కుటుంబాలకే నష్టం. జాబితా మార్చాలంటే పార్లమెంటు చట్టం కావాలి. అంతవరకు ధ్రువపత్రంలో, బడి రిజిస్టరులో, హాస్టల్ దరఖాస్తులో "యానాది" అని మాత్రమే రాస్తే సరిపోతుంది. శాఖ పేరు అడగాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోవడానికి ఏ చట్టమూ అక్కర్లేదు. దరఖాస్తు నింపే చేతులు మనవే.

సాక్షిగా నిలిచే పేర్ల విషయం వేరు. స్టూవర్టుపురం పేరు మార్చాలో వద్దో చెప్పే హక్కు ఆ ఊరి గ్రామసభది. సినిమావాళ్లదీ కాదు, రాజకీయ నాయకులదీ కాదు, మైలవరంలో కూర్చుని రాస్తున్న మాదీ కాదు. మమ్మల్ని అడిగితే మాత్రం ఉంచమనే అంటాం. ఉంచి, ఊరి మొదట్లో ఒక రాయి నాటమంటాం. ఈ ఊరు ఏ చట్టం కింద ఏర్పడిందో, ఎవరి పేరు ఎందుకు పెట్టారో, ఇక్కడి మనుషులు ఏ పనులు చేసి ఈ నేలను ఊరుగా మార్చుకున్నారో ఆ రాతి మీద తెలుగులో రాయమంటాం. అప్పుడు ఆ పేరు స్టూవర్టు దొర గొప్పను చెప్పదు, మనవాళ్ల ఓపికను చెబుతుంది. సీతానగరంలోనూ అలాంటి రాయి ఒకటి అవసరం. అక్కడ మార్చడానికి పేరు లేదు, గుర్తుచేయడానికి చరిత్ర ఉంది.

ఇక హక్కును చూపే పేర్లు. ఎస్టీ హాస్టల్ అన్న బోర్డు చూసి సిగ్గుపడే పిల్లలున్నారని తెలుసు. తమిళనాడు చేసిన ఆలోచన మంచిదే. కానీ బోర్డు మీద అందరికీ ఒకే పేరు పెట్టినా, బడ్జెట్‌లో గిరిజన సంక్షేమం అన్న పద్దు విడిగా నిలిచి ఉండాలి. పద్దు పేరు కలిసిపోతే డబ్బు కూడా కలిసిపోతుంది. "షెడ్యూల్డ్ తెగ" అన్న మాట మనల్ని నిందించడానికి పెట్టింది కాదు, రాజ్యాంగం మనకు ఇచ్చిన ఆధారం. దాని విషయంలో పిల్లలకు నేర్పాల్సింది దాచుకోవడం కాదు, తలెత్తి చెప్పడం.

మన సంఘం చేయగల పనులు

ఈ సంచిక చదివే పెద్దలకు, ఉపాధ్యాయులకు, తోటి వార్డెన్లకు మా మనవి మూడు విషయాలు. మొదటిది, ఆగస్టు 9తో పాటు ఆగస్టు 31ని కూడా మన హాస్టళ్లలో, కాలనీల్లో జరుపుదాం. ఆ రోజు పెద్ద సభలు అక్కర్లేదు, చట్టం ఏమిటో, అది ఎలా పోయిందో ఒక పిల్లవాడు లేచి చెబితే చాలు. రెండోది, సెటిల్‌మెంట్ల కాలం గురించి తమ అమ్మమ్మలు, తాతయ్యలు చెప్పగా విన్నవారు ఇంకా మన మధ్య ఉన్నారు. వారి మాటలను ఫోనులో రికార్డు చేసి, ఊరి పేరు, వయసు రాసి సంఘానికి పంపండి. మూడోది, మీ చేతిలోని రిజిస్టర్లు ఒకసారి తిరగేయండి. అందులో అవసరం లేని శాఖ పేరో, కించపరిచే మాటో కనిపిస్తే పైఅధికారులకు రాతపూర్వకంగా తెలియజేయండి.

బోర్డు మార్చే అధికారం ప్రభుత్వానిది. రికార్డులో ఏమి రాస్తున్నామో, తరగతి గదిలో ఏ మాట వాడుతున్నామో చూసుకునే బాధ్యత మనది. ముందు మన చేతిలో ఉన్నది చేద్దాం. అది చేసినవారి నోటి నుంచి వస్తే, పేరు మార్చమన్న డిమాండుకూ బలం ఉంటుంది, మార్చవద్దన్న మాటకూ విలువ ఉంటుంది.